లచ్చవ్వ కుండల్లోని పేర్లు

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. దవాఖానలో నర్సుగా జీవితమంతా గడిపినదాన్ని. ఈ చేతులతో ఎంతమంది కళ్లు మూశానో లెక్కలేదు. మూసిన వాళ్లలో ఒక్కరూ లేచివచ్చి నన్ను మంచినీళ్లు అడగలేదు. శవాల గది పక్కన కూర్చుని సద్ది తిన్నాను, కునుకు తీశాను. ఇప్పుడు నేను చెప్పబోయేది విని ముసలిదానికి మతి చెడిందని అనుకునేవాళ్లు ఇప్పుడే అనుకోండి. నాకేం కోపం లేదు.

ఇది డెబ్బైల మొదట్లో గోదావరిఖనిలో జరిగింది. నేను బెల్లంపల్లిలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న, మా తాత కూడా బొగ్గుబాయిలోనే పనిచేశారు. మా ఆయన ప్రభుదాసుది బాయిలో టింబర్ పని. పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడమన్నమాట. అప్పటికి నేను అయిదో నెల కడుపుతో ఉన్నాను.

మాకు దొరికింది వరుస క్వార్టర్లలో ఒక గది, ఒక వంటిల్లు, వెనక చిన్న పెరడు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ కూడా పైన రేకుల దాకా ఉండదు. ఈ ఇంట్లో తుమ్మితే ఆ ఇంట్లో చిరంజీవ అనేవాళ్లు. పక్కింటి మొగుడూపెళ్లాల కొట్లాట వినడానికి చెవి ఒగ్గక్కర్లేదు.

మా గోడ అవతల మాత్రం కొట్లాటలు లేవు. ఎండుటాకుల మీద ఏదో పాకినట్టు చప్పుడు, మధ్యమధ్య ఎవరో గట్టిగా ఊపిరి వదిలినట్టు బుస్సుమనడం. వచ్చిన మొదటి వారం ఎలుకలనుకున్నాను. ఎలుకలకు అంత ఊపిరి ఎక్కడిదని మా ఆయన నవ్వాడు. ఆయనకు ముందే తెలుసట, నేను భయపడతానని చెప్పలేదట. అందుకు ఆ రోజు ఆయనకు నా చేతి కూడు దొరకలేదు.

పక్కింట్లో ఉండేది లచ్చవ్వ, ఆమె ఒక్కగానొక్క కొడుకు రాజలింగు. రాజలింగు మా ఆయనతోపాటే టింబర్ పని చేసేవాడు. ఇరవై దాటి ఉంటాయేమో, మెత్తని మనిషి. లచ్చవ్వ బక్కపలచని ముసలావిడ. ఆమె ముందుగదిలో మూడు గోడల వెంబడి కుండలు వరసగా పెట్టి ఉండేవి. ఒక్కొక్క కుండ మూతికి పాత చీర ముక్క బిగించి కట్టి ఉండేది. ఆ కుండల్లో పాములు. జెర్రిపోతులు, నాగుపాములు, ఇంకా నాకు పేర్లు తెలియనివి. కుండకొకటి.

లచ్చవ్వ పెనిమిటి కూడా బాయి మనిషే. చాలా ఏళ్లకిందట ఒక బాయిలో మంట పుడితే, అది మిగతా చోటికి పాకకుండా ఆ దారిని ఇటుకగోడ కట్టి మూసేశారు. గోడకు అవతల కొందరు మనుషులు ఉండిపోయారు. వాళ్లలో ఆయనొకడు. శవాలు పైకి రాలేదు. కర్మకాండ చేయడానికి ఒక బొమ్మను చేసి కాల్చారట.

మా వైపు ఒక ఆచారం ఉంది. మేం కిరస్తానీలం, మేం చెయ్యంగానీ చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. చచ్చిపోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. పిట్ట ముట్టింది అంటే పోయిన మనిషికి తృప్తి అయినట్టు. ముట్టకపోతే ఆయనకేదో కోరిక మిగిలిందని అందరూ తలలు పట్టుకుంటారు. లచ్చవ్వ పెనిమిటికి పెట్టిన విస్తరిని పిట్ట ముట్టలేదు. పొద్దుగూకేదాకా నిలబడ్డారట. చివరికి పక్కనున్న నెర్రెలోంచి ఒక పాము వచ్చి, విస్తట్లో ఉన్న గుడ్డును మింగి అక్కడే చుట్ట చుట్టుకుందట.

"మన్నుల ఉన్నోడు మన్నులకెల్లే వచ్చిండు" అంది లచ్చవ్వ. కుండ తెప్పించి ఇంటికి తెచ్చుకుంది. ఇక ఆ తర్వాత కాలనీలో ఎక్కడ పాము కనపడినా, ఎవరో కట్టె ఎత్తేలోపల లచ్చవ్వ కొంగు పరిచేది. గోడ అవతల చిక్కుకున్న మిగతావాళ్లు కూడా వస్తున్నారని ఆమె నమ్మకం.

కొత్త పాము రాగానే దాని ముందు కూర్చుని ఆ పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలిచేది. ఏ పేరుకు తల ఎత్తితే ఆ పాముకు ఆ పేరు. ఇక రోజూ పేరుపెట్టి పలకరించడమే. "మల్లయ్యా, ఇయ్యాల గుడ్డు దొరకలే, కప్పతోని సరిపెట్టుకో" అని గోడ అవతలనుంచి వినపడేది. ఒక్కో పేరుకు రెండేసి పాములు కూడా ఉండేవి. అదెట్ల కుదురుతుందని నేను అడిగితే, మనిషి ఒక్క తీరుగ ఉంటడా బిడ్డా, అని నన్నే అడిగింది.

మా వరుసలో జనం ఊరుకుంటారా. ఎందుకు ఊరుకుంటారు. ఒకరి కోళ్లగంపలో గుడ్లు మాయం, ఒకరి బిందె చుట్టూ కుబుసం. పిల్లలు నల్లా దగ్గరికి పోవాలంటే తల్లులు ముందు కట్టెతో నేల కొట్టుకుంటూ నడిచేవాళ్లు. చివరింటి ఓదెలు కాక మా వరుసకు పెద్దమనిషి. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. నెలకోసారి లచ్చవ్వ ఇంటిముందు నిలబడి, "అవ్వా, మేం మనుషులం, నీకు కనబడుతున్నమా" అని గొడవపడేవాడు. ఆమె ఆయనను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చేది. ఆయన తాగి వెళ్లిపోయేవాడు.

ఇందులో వింత ఏమిటంటే, చుట్టుపక్కల ఉన్న పుట్టలన్నీ బొగ్గు గుట్టల కింద పోయాయి కదా. నాగుల పంచమి వస్తే పాలు పోయడానికి పుట్ట లేదు. అందుకని ఏడాదంతా లచ్చవ్వను తిట్టిన ఆడవాళ్లే ఆ రోజు తలంటు పోసుకుని, పసుపు కుంకుమలు పట్టుకుని ఆమె గుమ్మం ముందు బారులు తీరేవాళ్లు. మర్నాటినుంచి మళ్లీ తిట్లే. మనుషుల భక్తి చూస్తే నాకు నవ్వొచ్చేది.

నా సంగతి చెప్పాలంటే, పాము కరిచినవాళ్లను దవాఖానలో చూసినదాన్ని కాబట్టి నాకు భయం ఉండేది. దయ్యం భయం కాదు, విషం భయం. గోడ పైన కంత ఉన్నచోట మా ఆయన చేత గోనెపట్టాలు కుక్కించాను. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టించాను. మా డాక్టరుగారిని పాములకు పేర్లు వినపడతాయా అని ఒకసారి అడిగాను. పాములకు బయటికి చెవులే లేవు సిస్టర్, ఎదురుగా కదిలేదాన్ని చూసి తల ఎత్తుతాయి అన్నాడు. ఆ మాట నాకు చాలు అనిపించింది.

లచ్చవ్వ నన్ను తన గది లోపలికి రానిచ్చేది కాదు. కడుపుతో ఉన్న ఆడదాని నీడ పడితే పాములకు కళ్లు పోతాయని వాళ్ల నమ్మకం. "నీ కోసం కాదు బిడ్డా, వాటి కోసం చెప్తున్న" అనేది. నాకు పాములతో ప్రమాదం అని లోకమంతా అంటుంటే, పాములకు నాతో ప్రమాదం అన్నది ఈమె ఒక్కతే.

ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చాను. లచ్చవ్వ కాలు మీద గంజి ఒలికి కాలింది, కట్టు మార్చాలి. ఆమె గుమ్మంలో కాలు చాపి కూర్చుంది. నేను బయట అరుగు మీద కూర్చుని కట్టు విప్పుతున్నాను. గదిలో, ఆమె వెనక, కొత్త కుండ మూత తీసి ఉంది. అందులోంచి ఒక గోధుమరంగు నాగుపాము సగం బయటికి జారి నేల మీద తల ఆనించి పడుకుని ఉంది. పొద్దున్నే నల్లా దగ్గర దొరికిందట.

"పొద్దటిసంది అందరి పేర్లు పిలిచిన. ఒక్కదానికీ లేస్తలేదు" అంది దిగులుగా. నా ముందే మళ్లీ మొదలుపెట్టింది. మల్లయ్య, కొమురయ్య, పోశం. నెమ్మదిగా, ఒక్కొక్క పేరుకూ ఆగి ఆగి. పాము కట్టెలా పడి ఉంది. అన్ని పేర్లూ అయిపోయాయి.

ఆ రోజు మా ఆయనకూ రాజలింగుకూ రెండో షిఫ్టు. రాజలింగు పెరట్లోంచే మా ఇంటివైపు అరిచాడు. "ప్రభుదాసన్నా, టైం అయితాంది."

పాము పడగ ఎత్తింది.

నేను చూశాను. లచ్చవ్వ కూడా వెనక్కి తిరిగి చూసింది. అక్కడ ఎవరూ కదల్లేదు. రాజలింగు ఉన్నది పెరట్లో, మధ్యలో వంటింటి గోడ. కాసేపటికి పడగ దించి మళ్లీ నేలకు ఆనింది. రాజలింగు రెండోసారి పిలిచాడు. మళ్లీ లేచింది.

లచ్చవ్వ మొహంలో రక్తం లేదు. "ఈ పేరు అండ్ల లేదు గదా. ఈయన ఇంక భూమి మీదనే ఉన్నడు గదా" అని గొణిగింది.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీద అని అడగకండి. చప్పుడుకు లేస్తోంది, అంతే, చూడు అన్నాను. రాజలింగు పిలిచినంత గట్టిగా ఓదెలు అని అరిచాను. కదల్లేదు. మా డాక్టరు పేరు, మా అన్న పేరు, నా పేరు, నోటికి వచ్చినవన్నీ అరిచాను. ఈగ వాలినంత కూడా లెక్కచేయలేదు. మా వైపు ఆడవాళ్లం మొగుణ్ని పేరుపెట్టి పిలవం. పెళ్లయినప్పటినుంచీ ఆ పేరు నా నోట రాలేదు. ఆ రోజు మొదటిసారి అన్నాను, అరవలేదు, మామూలుగా అన్నాను. ప్రభుదాసు.

పాము పడగ ఎత్తి నా వైపు తిరిగింది. నా నీడ పడితే గుడ్డిది కావలసిన పాము నా మొహంలోకి చూసింది. నేను కట్టు సగంలో వదిలేసి ఇంటికి వచ్చేశాను.

మా ఆయనతో చెబితే నవ్వాడు. కడుపుతో ఉన్నవాళ్లకు ఇట్లాంటివి తోస్తాయన్నాడు. టిఫిన్ డబ్బా పట్టుకుని బాయికి వెళ్లాడు. ఆ షిఫ్టు ముగిసి ఆయన సైకిలు గంట వినపడేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. ఆయన క్షేమంగా వచ్చాడు. మర్నాడూ వచ్చాడు. పాము తల ఎత్తితే మనిషి చస్తాడా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

కానీ లచ్చవ్వ ఊరుకోలేదు. షిఫ్టు వేళకు మా గుమ్మం ముందుకొచ్చి నిలబడేది. "పోకు కొడుకా. నా మాటిను. నీ పెండ్లాం కడుపుతోని ఉన్నది." బాయికి పోయేవాడికి ముండమోపి ఎదురైతేనే అపశకునమంటారు. ఈమె రోజూ ఎదురై, పోతే చస్తావనే మాట వేరే తీరుగా చెబుతోంది. మా ఆయన ఓపికగా పక్కనుంచి వెళ్లేవాడు. రాజలింగుకు మాత్రం తలకొట్టేసినట్టు ఉండేది. "అవ్వా, ఇజ్జత్ తీస్తున్నవే" అని చెయ్యి పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయేవాడు.

సంగతి బాయిదాకా పాకింది. పాము ప్రభుదాసు పేరు పలికిందట అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆయన దిమ్మె నిలబెట్టే చోట కలిసి పనిచేయడానికి కొందరు వెనకాడారు. కిందికి దిగేటప్పుడు ఆయన పక్కన నిలబడేవాళ్లు జరిగి నిలబడ్డారు. అక్కడితో మా ఆయన నవ్వడం మానేశాడు. రాత్రి అన్నం ముందు కూర్చుని, గోడవైపు చూసి, ఇంకా ఉన్నదా అది అని నన్ను అడిగాడు. నాకు నమ్మకం లేకపోతే ఏం, ఆయనకు భయం పట్టింది. భయపడ్డ మనిషి బాయిలో ఎక్కువ రోజులు బతకడని మా నాన్న అనేవాడు.

నేనే పోయి ఓదెలు కాకను పిలుచుకొచ్చాను. వరుసలో మగవాళ్లంతా కూర్చున్నారు. ఈసారి చాయ్‌తో పోలేదు. "పాములన్న పోవాలె, నువ్వన్న పోవాలె అవ్వా. గీ పొల్ల మొకం చూడు" అన్నాడు కాక నన్ను చూపించి. నాగుల పంచమి అయ్యేదాకా ఆగాలని ఆడవాళ్లు పట్టుబట్టారు. పంచమి అయిన వెంటనే చెన్నూరు వైపున్న తమ పాత ఊరికి తల్లినీ కుండలనూ చేరుస్తానని రాజలింగు అందరి ముందూ ఒప్పుకున్నాడు. అక్కడి ఇల్లు బాగుచేయించి రావడానికి లీవు కూడా పెట్టుకున్నాడు.

పంచమి వచ్చింది, పోయింది. రాజలింగు ఊరికి బయలుదేరాల్సిన రోజు పొద్దున మా ఆయనకు మొదటి షిఫ్టు. తలుపు తీసేసరికి లచ్చవ్వ మా కడపకు అడ్డంగా పడుకుని ఉంది. లెమ్మంటే లేవదు. "నన్ను దాటుకోని పో" అంది. మనిషిని దాటడం మాలో లేదు, అదీ తల్లిలాంటి ముసలిదాన్ని. మా ఆయన గుమ్మంలో నిలబడిపోయాడు. పెరటి దారి ఉంది, కానీ ముసలిదాన్ని అట్లా మోసం చేసి పోవడానికి ఆయనకు మనసు రాలేదు. ఆ మూడు నెలల బోనస్ లెక్కలో ఆయనకు ముందే నాగాలు ఎక్కువయ్యాయి. ఇంకొక్కటి పడితే బోనస్ పోతుంది, పైగా భయపడి ఇంట్లో కూర్చున్నాడని బాయిలో నవ్వుతారు.

నేను పెరట్లో పొయ్యి దగ్గర ఉన్నాను. పిట్టగోడ మీదినుంచి రాజలింగు తొంగిచూశాడు. ఊరికి పోవడానికి తెల్లంగి వేసుకుని ఉన్నాడు. మా ఆయన పెరట్లోకి వచ్చాడు. "అన్నా, నీ బిళ్ల ఇటియ్యి. నీ పేరు మీద నేను పోత. మా అవ్వ చేసిన లొల్లికి గిదన్న చెయ్యాలె నేను" అన్నాడు రాజలింగు. ఊరికి రేపు పోతానన్నాడు.

బాయిలో ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఉంటుంది. బిళ్ల ఇస్తేనే నెత్తిదీపం ఇస్తారు, ఆ బిళ్ల పేరు మీదే హాజరీ పడుతుంది. ఒకరి బిళ్ల మీద ఇంకొకరు దిగడం తప్పే. కానీ ఆ రోజుల్లో అన్నదమ్ములు, బావా బామ్మర్దులు, పక్కింటివాళ్లు అందరూ చేసేదే. చిన్నప్పుడు మా బాబాయి మా నాన్న బిళ్ల మీద ఎన్నిసార్లు దిగాడో. మా ఆయన జేబులోంచి బిళ్ల తీసి ఇచ్చాడు. రాజలింగు తెల్లంగి విప్పి గోడ మీద వేసి, పాతది తొడుక్కుని పెరటి దారినుంచి పోయాడు. నేను చూస్తూనే ఉన్నాను. నిజం చెప్పాలంటే, మా ఆయన ఆ రోజు దిగడం లేదని నా పానం తేలికైంది.

బాయి సైరన్ మోగిన తర్వాత లచ్చవ్వ లేచి దుమ్ము దులుపుకుంది. కొడుకు ఊరికి పోయాడని ఆమె అనుకుంటోంది. మేం చెప్పలేదు. చెబితే బాయిదాకా ఉరికి గొడవ చేస్తుంది, ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. ఆ రోజు ఆమె ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. మా అరుగు మీద కూర్చుని చాయ్ తాగింది. నాకు మగపిల్లవాడు పుడతాడని చెప్పింది. మా ఆయన కాళ్లవైపు చూసి, "బంగారు కాళ్లు, ఇయ్యాల నా మాటిన్నయ్" అంది.

పొద్దు నడినెత్తికి రాకముందే మళ్లీ సైరన్ మోగింది. అది షిఫ్టు వేళ కాదు. వేళగాని వేళ సైరన్ మోగితే బాయి కాలనీలో పొయ్యిమీది కూడు పొయ్యిమీదే మాడుతుంది. ఆడవాళ్లంతా బయటికొచ్చారు.

కాసేపటికి బొగ్గుమసితో ఉన్న మనిషి ఒకడు సైకిలు మీద వచ్చాడు. మా వరుసకు కొత్త. ఇళ్లు చూసుకుంటూ వచ్చి మా ముందు ఆగాడు. "ప్రభుదాసు ఇల్లు గిదేనా? ప్రభుదాసు మీద బండ పడ్డది. దవాఖానకు తెచ్చిన్రు. పానం లేదు" అన్నాడు. మా ఆయన నా పక్కనే నిలబడి ఆ మాట విన్నాడు.

మొదట లచ్చవ్వే నవ్వింది. "ప్రభుదాసు గిక్కడనే ఉన్నడు గదయ్యా. నేను పోనియ్యలే."

"బిళ్ల ఆయనదే అవ్వా" అన్నాడు ఆ మనిషి అయోమయంగా.

మా ఆయన గోడకు జారి కింద కూలబడ్డాడు. లచ్చవ్వ ఆయనను చూసింది, తర్వాత నన్ను చూసింది. "ఎవలు పోయిన్రు బిడ్డా" అని అడిగింది. నా చూపు పెరటివైపు పోయింది. రెండోసారి అడగలేదు. ఇంట్లోకి పోయింది. గోడ అవతల కుండ మూత విప్పిన చప్పుడు వినపడింది. తర్వాత ఆమె గొంతు. రాజలింగూ. రాజలింగూ. రాజలింగూ. ఓదెలు కాకతో సహా వరుసంతా వింటూ నిలబడింది.

బయటికి వచ్చేసరికి ఆమె మొహం వెలిగిపోతోంది. "వాడు కాదు. లేస్తలేదు బిడ్డా, వాని పేరుకు లేస్తలేదు. వాడు ఊరికి పోయిండు."

నేను దవాఖానకు పోయాను. పోలేక పోయాను. మొహం నేనే తడిగుడ్డతో తుడిచాను. రాజలింగే. అక్కడివాళ్లు ప్రభుదాసు, ప్రభుదాసు అంటూనే ఉన్నారు. నా మొగుడు పోయాడనుకుని తోటి నర్సులు నన్ను పట్టుకుని ఏడ్చారు. కాదు, మా ఆయన కాదు అని చెప్పడానికి నాకు ఎంత సిగ్గేసిందో. లోపల ఎక్కడో సంతోషం ఉంది మరి. దాన్ని ఏం చేయను.

తిరిగి వచ్చి నేనే చెప్పాను. లచ్చవ్వ ఏడవలేదు. "మరి పాము ఎందుకు లేవలే" అని అడిగింది. మా ఆయన ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "వాడు నా పేరు మీద పోయిండు అవ్వా" అన్నాడు. ఆమె ఆయన తల మీద చెయ్యి వేసింది. అప్పుడు అరిచింది. ఆ అరుపు గురించి నేను చెప్పను.

పోయిన కొద్దిరోజులకే చేసే చిన్న దినం నాడు గోదావరి ఒడ్డున పిట్టకు పెట్టారు. రాజలింగుకు ఇష్టమని కోడికూర వండారు, కల్లు పెట్టారు, బీడీలు పెట్టారు. మేం ఇలాంటివాటికి పోకూడదుగానీ ఆ రోజు మమ్మల్ని ఎవరు ఆపుతారు. కాకులు చెట్ల మీద ఉన్నాయి. దిగడం లేదు. ఓదెలు కాక దండం పెట్టాడు, మీ అవ్వను మేం చూసుకుంటం అని మాటిచ్చాడు. పాములను ఎల్లగొట్టం అని కూడా అన్నాడు. ఎండ నెత్తికెక్కింది, కాకులు దిగలేదు.

లచ్చవ్వ మా ఆయన దగ్గరికి వచ్చింది. "ఆ పేరు మీదనే పోయిండు గదా కొడుకా. ఇంకో పేరు వానికి ఇనబడతలేదు. నీ పేరు ఒక్కసారి ఇయ్యి. నేను పిలుస్త, నువ్వు పలుకకు" అంది. మా ఆయన తల ఊపాడు. ఆమె విస్తరివైపు తిరిగి, అన్నానికి పిలిచినట్టే పిలిచింది. "ప్రభుదాసూ. దా బిడ్డా, తిను."

నేను మా ఆయన చెయ్యి పట్టుకుని ఉన్నాను. ఆ చెయ్యి మంచులా ఉంది. ఒక కాకి దిగింది. నేరుగా విస్తట్లోకి వచ్చి ముట్టింది. దాని వెనక మిగతావి దిగాయి. చుట్టూ ఉన్నవాళ్లు అమ్మయ్య అని ఏడ్చారు. మా ఆయన పళ్లు బిగబట్టి నిలబడ్డాడు.

ఆ సాయంత్రం లచ్చవ్వ కుండల మూతలన్నీ విప్పి తలుపు బార్లా తెరిచింది. భయపడి అందరం తలుపులు వేసుకున్నాం. పొయ్యిల్లోని బూడిదంతా తెచ్చి ఓదెలు కాక వరుస పొడవునా, ఆమె ఇంటి ముందూ వెనకా చల్లించాడు, ఏది ఎటు పోయిందో తెలుస్తుందని. తెల్లారి చూస్తే కుండలన్నీ ఖాళీ. బూడిద మీద కాకికాలి గుర్తు కూడా లేదు. గాలి కూడా దాన్ని ముట్టలేదు. కాక వంగి వంగి చూసి ఇంటికి పోయాడు. ఆ తర్వాత లచ్చవ్వ చెన్నూరు వైపు వెళ్లిపోయింది. మేం రెండుసార్లు పోయి చూసి వచ్చాం. మూడోసారి పోయేసరికి ఆమె లేదు.

రాజలింగు ఎట్లా పోయాడో నేను చెప్పగలను. లచ్చవ్వ భయపెట్టింది కాబట్టి మా ఆయన ఆగాడు, ఆయన ఆగాడు కాబట్టి రాజలింగు దిగాడు. అందులో మాయ లేదు. పాము తల ఎత్తకపోతే ఇద్దరూ బతికేవాళ్లేమో, ఇద్దరూ పోయేవాళ్లేమో. కాకికి ఆకలేసి దిగిందనుకుంటాను. బూడిద సంగతి కూడా ఏదో ఒకటి అనుకోవచ్చు. కానీ చెవులు లేని ఆ జీవి అన్ని పేర్లలోంచి ఆ ఒక్క పేరుకే ఎందుకు లేచిందో, నేను పిలిచినప్పుడు నా వైపే ఎందుకు తిరిగిందో, ఇన్నేళ్లూ ఆలోచించాను. నాకు తెలియలేదు.

మా ఆయనకు ఇప్పుడు వయసు మీదపడింది. చెవులు బాగానే వినపడతాయి, నేను పరీక్ష చేయించాను. అయినా ఎవరైనా వాకిట్లోంచి ప్రభుదాసూ అని పిలిస్తే వెంటనే పలకడు. చేతిలో పని ఆపి, తల వంచుకుని కూర్చుంటాడు. రెండోసారి పిలిస్తేనే లేస్తాడు. మొదటి పిలుపు తనది కాదంటాడు.